పెళ్లిలోగా చెల్లి ఒంటి రంగు మార్చేస్తామంటున్నారు. నిజంగా మారుతుందా?

విభాగం: ఆరోగ్యం, చర్మం, జుట్టు

లేసు_అల్లిక
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర ఊరు. మా చెల్లికి 24 ఏళ్లు. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పని. రోజూ స్కూటీ మీద చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు వెళ్తుంది, చెరువు చెరువుకీ తిరిగి సీసాల్లో నీళ్లు పట్టుకొస్తుంది. మాఘమాసంలో పెళ్లి. తాంబూలాలు కూడా అయిపోయాయి. మొన్న పెళ్లికొడుకు వాళ్లమ్మగారు మా అమ్మతో ఫోన్లో, "పిల్ల మంచి కళగా ఉంది వదినగారూ, ఛాయ ఒక్కటీ కాస్త తేలితే ఫొటోలు ఇంకా బాగా వస్తాయి" అన్నారట. ఆవిడ మామూలుగానే అన్నారేమో. కానీ ఆ రోజు నుంచి అమ్మకి నిద్ర లేదు, చెల్లి సరిగా అన్నం తినట్లేదు.

టౌన్లో ఒక స్కిన్ క్లినిక్‌కి తీసుకెళ్లాం. 10 సిట్టింగుల్లో మూడు షేడ్లు తేలుస్తాం, శాశ్వతంగా ఉంటుంది అన్నారు. గ్లూటాథయోన్ డ్రిప్పులు, మధ్యలో పీల్, ఆఖర్న లేజర్. మొత్తం 85 వేలు. 10 వేలు అడ్వాన్సు కట్టేశాం. మిగతాది ఈసారి కొబ్బరి దింపు డబ్బుల్లోంచి సర్దుతానన్నారు నాన్న.

నేను అడిగేది ఒకటే. పుట్టుకతో వచ్చిన రంగు ఇలాంటివాటితో మారుతుందా? మారినా నిలుస్తుందా? తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. మొదటి డ్రిప్పు వచ్చే శుక్రవారం.

గట్టుమీద
ఆదివారం, రాత్రి 9:40

అమ్మా, నేను ఉండి మండలంలో చెరువులు చేస్తాను. 18 ఏళ్లయింది గట్టెక్కి. మొహం, మెడ, చేతులు ఒక రంగు, బనీను కింద ఇంకో రంగు. నాలుగేళ్ల కిందట కాలు విరిగి మూడు నెలలు ఇంట్లోనే పడుకున్నాను. లేచేసరికి నా చేతులు నా పొట్ట రంగులోకి వచ్చేశాయి. ఏ మందూ రాయలేదు. అంతకుమించి మాత్రం రాలేదు, పొట్ట రంగు దగ్గరే ఆగింది. మీ చెల్లి చేసేదీ ఎండలో పనే కదా, ముందు ఆ లెక్క చూసుకోండి.

అద్దం_ముందు
ఆదివారం, రాత్రి 10:05

అక్కా, నాకు తణుకులో పార్లరు ఉంది, 22 ఏళ్ల నుంచి. రంగు అసలు మారదు అని అందరూ కొట్టిపారేస్తారు, నేను ఒప్పుకోను. పెళ్లికూతుర్ని మూడు నెలల ముందు నుంచి చూసుకుంటే మనిషి తేలుతుంది. నా కళ్లతో చూశాను, వాళ్ల అమ్మలూ చూశారు. కమిలినది పోతే మొహం విచ్చుకుంటుంది. కానీ డ్రిప్పుల జోలికి నేను పోను. సూది పట్టుకోవడం మా పని కాదు. ఈమధ్య రెండు రోజులు కోర్సు చేసి సూదులు వేసేస్తున్నవాళ్లున్నారు. మీకు డ్రిప్పు పెట్టేది ఎవరో కనుక్కోండి.

పెళ్లిపందిరి
ఆదివారం, రాత్రి 10:31

నేను ఇద్దరు ఆడపిల్లల తల్లిని. ఇక్కడ అందరూ రంగులో ఏముంది అని చెప్తారు, చెప్పండి. మా పెద్దదానికి ఏడు సంబంధాలు తిరిగిపోయాయి. పైకి జాతకం అన్నారు, కట్నం అన్నారు, మధ్యవర్తి మాత్రం నా చెవిలో అసలు మాట చెప్పాడు. ఆ పిల్ల ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసు. ఆ ఏడు సార్లూ చీర మార్చుకుని ట్రే పట్టుకొచ్చి కూర్చున్నది అదే కదా. లేసు_అల్లిక గారి అమ్మకి నిద్ర పట్టట్లేదంటే నాకు అర్థమవుతుంది. పని చేసే వైద్యం ఏదైనా ఉంటే చెప్పండి, లేదంటే లేదని చెప్పండి. నీతులు మాత్రం వద్దు.

డాక్టరమ్మ_కాకినాడ
ఆదివారం, రాత్రి 11:48

నేను చర్మవ్యాధుల వైద్యురాలిని, కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చదువుకున్నాను. ఓపీ అయ్యేసరికి ఆలస్యమైంది. పెళ్లిపందిరి గారూ, నీతులు చెప్పను, మీ బాధ వారానికి పదిసార్లు నా బల్లకి అవతల కూర్చుంటుంది.

గట్టుమీద గారూ, అద్దం_ముందు గారూ ఇద్దరూ నిజమే చెప్పారు. మన ఒంటి మీద ఉండేవి రెండు రంగులు. ఒకటి పుట్టుకతో వచ్చింది. దాని మీద ఎండ వేసిన రంగు ఇంకొకటి. మొదటిది చూడాలంటే రేపు పొద్దున చెల్లిని కిటికీ దగ్గర నిలబెట్టి చెయ్యి పైకెత్తించండి. మోచేతికి పైన, లోపలి వైపు, చంకకి దగ్గరగా ఎండ తగలని చోటు ఉంటుంది. మొహాన్ని, ముంజేతిని దాని పక్కన పెట్టి చూడండి. ట్యూబులైటు కింద వద్దు, పగటి వెలుతురులోనే. ఆ రెండిటి మధ్య ఎంత తేడా ఉందో అంతే తగ్గించగలం. పీల్ అయినా, క్రీమైనా, ఫేషియలైనా, ఎన్ని వేలు పోసినా చేరేది ఆ లోపలి రంగు దాకానే. దాన్ని దాటించి శాశ్వతంగా నిలబెట్టే సురక్షితమైన వైద్యం ఈ రోజుకి లేదు.

ఎందుకు లేదో చెప్తాను. చర్మం పైపొర అడుగున మెలనోసైట్లు అనే కణాలుంటాయి. రంగు తయారుచేసేవి అవే. ఒక్కో మెలనోసైట్ తన కొమ్మల్లాంటి చేతులతో చుట్టూ ఉన్న సుమారు 36 కణాలకి రంగు అందిస్తుంది. నల్లటి మనిషికీ తెల్లటి మనిషికీ ఈ కణాల సంఖ్యలో పెద్ద తేడా లేదు. తేడా అంతా అవి ఎంత రంగు చేస్తాయి, ఏ రకం చేస్తాయి, ఆ రంగు మూటలు ఎంత పెద్దవి అన్న దాంట్లో. ఆ హుకుం జన్యువుల్లో ఉంటుంది. పీల్ చేసినప్పుడు గ్లైకోలిక్ యాసిడో శాలిసిలిక్ యాసిడో పైనున్న చనిపోయిన పొరని ఊడదీస్తుంది. ఎండకి పోగైన రంగు కూడా దానితో పోతుంది, మొహం తేటగా కనబడుతుంది. కింద ఉన్న మెలనోసైట్లు అలాగే ఉంటాయి. సుమారు 28 రోజుల్లో అడుగు నుంచి కొత్త పొర పైకి వస్తుంది, తన రంగులోనే వస్తుంది.

లేజర్ కూడా అంతే. మచ్చకి, పచ్చబొట్టుకి అది మంచి పనిముట్టు. మొహమంతా తెల్లబరచడానికి అదే పనిగా కొడితే మన చర్మం తిరగబడుతుంది. 1975లో హార్వర్డ్‌లో ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే వైద్యుడు ఎండకి చర్మం ఎలా స్పందిస్తుందన్న దాన్నిబట్టి వర్గాలు చేశాడు. ఇప్పుడు వాడే ఆరు వర్గాల్లో మన వైపు వాళ్లలో ఎక్కువమంది నాలుగు, అయిదులోకి వస్తారు. ఈ చర్మానికి ఎక్కడ దెబ్బ తగిలినా, కాలినా, గోకినా అక్కడ నల్లగా కడుతుంది. దోమ కుట్టిన చోట మచ్చ నెలల తరబడి ఉండిపోవడం మీరు చూసే ఉంటారు. మోతాదు మించిన పీల్, లేజర్ కూడా చర్మానికి దెబ్బే. తెల్లబడదామని వెళ్లి బుగ్గల మీద పటం గీసినట్టు నల్లటి చారలతో వచ్చినవాళ్లని నేను చూశాను. అతిగా లేజర్ చేసిన కొందరికి చిన్న చిన్న తెల్లచుక్కలు పడతాయి, అవి పోవడం చాలా కష్టం.

ఇక డ్రిప్పు. గ్లూటాథయోన్ మన కాలేయమే తయారుచేసుకునే పదార్థం. రంగు తయారీని అది కొంత మందగింపజేస్తుందని ప్రయోగశాలలో తేలింది. మనుషుల్లో సూది ద్వారా ఇస్తే ఒంటి రంగు శాశ్వతంగా మారుతుందనడానికి నిలబడే ఆధారం లేదు. ఒకవేళ కాస్త తేలినట్టు అనిపించినా, ఆపితే పోతుంది. దాని ప్రమాదాలు మాత్రం రాతలో ఉన్నాయి. 2011లో ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ కాలేయం, కిడ్నీలు, నరాలు దెబ్బతినవచ్చనీ, ఒళ్లంతా పొక్కి చర్మం ఊడే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ రావచ్చనీ హెచ్చరించింది. చర్మం తెల్లబడటానికి ఏ ఇంజెక్షన్‌కీ అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి లేదు. డ్రిప్పులో విటమిన్ సీ కూడా ఎక్కువ మోతాదులో కలుపుతుంటారు. జీ6పీడీ అనే ఎంజైము తక్కువ ఉన్నవాళ్లకి దానితో ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి. ఆ పరీక్ష చేశారా? ఆంపూల్ మీద, అంటే ఆ మందు సీసా మీద, ఏం రాసి ఉందో చూపించారా?

శుక్రవారం డ్రిప్పు ఆపండి. పెళ్లికి మూడు నెలలు టైముంది, చెయ్యగలిగింది చాలానే ఉంది. ముందు ఆ చెయ్యి చూసి చెప్పండి.

కొబ్బరాకు
సోమవారం, ఉదయం 6:20

ఇది చదివాక నిద్ర పట్టలేదు. నా కథ చెప్తాను, అక్క చెల్లెలికి చూపించండి.

అమలాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. రూమ్మేట్ ఒక ట్యూబు రాసేది. మందుల షాపులో అడిగితే చీటీ లేకుండానే ఇచ్చేవాడు. మూడు వారాల్లో నా మొహం మెరిసిపోయింది. ఇంటికెళ్తే అందరూ అడిగారు, ఏం రాస్తున్నావే అని. ఆ మాట కోసమే ఇంకో ట్యూబు, ఇంకో ట్యూబు. ఎనిమిది నెలలు రాశాను. ఆ తర్వాత ఎండలోకి వెళ్తే మొహం మండేది. కుక్కర్ మూత తీస్తే ఆ ఆవిరికే మండేది. బుగ్గల మీద నూగు, సన్నటి ఎర్రటి నరాలు, నుదుటినిండా మొటిమలు. భయపడి ఒక్కసారిగా ఆపేశాను. నాలుగో రోజుకి మొహం ఉడికిన రొయ్యలా అయిపోయింది. మళ్లీ రాస్తే తగ్గేది, ఆపితే మండేది. పరీక్షలకి చున్నీ కప్పుకుని వెళ్లాను.

అది మామూలు క్రీము కాదని, అందులో స్టెరాయిడ్ ఉందని డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు. మామూలు మొహం రావడానికి ఏడాదిన్నర పట్టింది. వచ్చింది ఏ రంగు అనుకున్నారు? నా రంగే.

డాక్టరమ్మ_కాకినాడ
సోమవారం, ఉదయం 7:05

కొబ్బరాకు గారూ, మీరు ధైర్యంగా రాశారు. దీనికి వైద్యపుస్తకాల్లో పేరే పెట్టాల్సి వచ్చింది, స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న మొహం అని. ఆ పేరు మన దేశం వైద్యులు పెట్టిందే.

ఆ ట్యూబుల్లో ఉండేది సాధారణంగా మూడు మందులు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్. ఇలా మూడూ కలపడం 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు వైద్యులు చెప్పిన పద్ధతి నుంచి వచ్చింది. అది మంగు లాంటి మచ్చలకి, కొన్ని వారాలకి, వైద్యుల కళ్లెదుట వాడే మందు. మొహం తెల్లబడటానికి ఏళ్ల తరబడి రాసుకునేది కాదు. హైడ్రోక్వినోన్‌ని ఏళ్లపాటు రాస్తే కొందరికి బుగ్గల మీద నీలం కలిసిన నలుపు కడుతుంది, అది దాదాపుగా పోదు. 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ ఈ స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అమ్ముతున్నారు. ట్యూబు మీద పేరు చివర "సోన్" అనో, "సాల్" అనో, "నైడ్" అనో కనబడితే మొహానికి రాసేముందు ఆగండి. ఇప్పటికే రాస్తున్నవాళ్లు ఒక్కసారిగా ఆపి ఇంట్లో కూర్చోవద్దు, వైద్యుల దగ్గరికి వెళ్లండి, మెల్లగా దింపుతారు.

కువైట్_కబుర్లు
సోమవారం, మధ్యాహ్నం 1:15

నేను నర్సాపురం మనిషిని, తొమ్మిదేళ్లు కువైట్‌లో ఇళ్లల్లో పని చేసి వచ్చాను. అక్కడి నుంచి వచ్చేవాళ్లు సబ్బులు, సెంట్లతోపాటు క్రీము డబ్బాలు కూడా తెస్తారు, అక్కకి ఒకటి, వదినకి ఒకటి అని. నేనూ తెచ్చాను. నాతోపాటు పని చేసినావిడ ఒకామె ఏడాదిపాటు అదే రాసింది. కాళ్లు వాచాయి. ఒంటేలు సబ్బునీళ్లలా నురగ వచ్చేది. కిడ్నీలో నుంచి ప్రొటీన్ పోతోందన్నారు. క్రీము ఆపించి మందులు వాడాక మెల్లగా తేరుకుంది. అప్పటి నుంచి నేను ఎవరికీ తేలేదు. ఇచ్చినవాళ్లకి ఫోన్ చేసి పారెయ్యమని చెప్పాను, ఇద్దరు నా మాట వినలేదు.

డాక్టరమ్మ_కాకినాడ
సోమవారం, మధ్యాహ్నం 2:40

అది పాదరసం పని. కేరళలో మలప్పురం జిల్లాలో 2023లో ఇదే బయటపడింది. అరుదైన కిడ్నీ జబ్బుతో ఒకరి తర్వాత ఒకరు వస్తుంటే ఆరా తీసిన వైద్యులకి, వాళ్లలో చాలామంది తెల్లబరిచే క్రీములు రాస్తున్నారని తెలిసింది. పాదరసం రంగు తయారయ్యే ఎంజైముని అడ్డుకుంటుంది, అందుకే మొహం నిజంగానే తేలుతుంది. అదే చర్మంలోంచి ఒంట్లోకి దిగి కిడ్నీల్లో చేరుతుంది. పిల్లల్ని ఎత్తుకుని ముద్దాడినా వాళ్లకి అంటుతుంది.

డబ్బా మీద చూడాల్సిన మాటలు: కాలోమెల్, మెర్క్యురస్ క్లోరైడ్, మెర్క్యూరిక్, మెర్క్యూరియో. ఇంకో గుర్తు ఉంది. బంగారం, వెండి నగలకి తగలనివ్వొద్దు అని రాసి ఉంటే అనుమానించండి, పాదరసం లోహాన్ని పట్టుకుంటుంది. ఏమీ రాయకుండా తెల్లటి డబ్బాలో పోసి ఇచ్చేది ఇంకా ప్రమాదం.

తెల్లమచ్చ
సోమవారం, రాత్రి 8:55

రాజమండ్రి నుంచి. నాకు 41 ఏళ్లు. 19వ ఏట నుంచి బొల్లి. పుట్టుక రంగు పూర్తిగా మార్చేసే వైద్యం ఏదీ లేదంటున్నారు. ఒకటి ఉంది, దాని గురించి నేను చెప్పాలి.

నాకు మొహం, చేతులు, ఛాతీ దాదాపు అంతా తెల్లబడిపోయింది, అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు మిగిలాయి. మిగిలిన ఆ రంగుని కూడా తీసేసి అంతా ఒకే రంగు చెయ్యొచ్చని ఒక డాక్టరుగారు చెప్పారు. మోనోబెంజోన్ అనే పూత. దాని సంగతి 1939లో అమెరికాలో ఒక తోళ్ల కర్మాగారంలో బయటపడిందట. రబ్బరు తొడుగులు వేసుకుని పని చేసినవాళ్ల చేతులు తొడుగు ఉన్నంతమేరా తెల్లబడ్డాయి, ఆ రబ్బరులో ఈ రసాయనం ఉంది. అది రంగు తగ్గించదు, రంగు చేసే కణాల్నే చంపేస్తుంది. ఇక వెనక్కి రాదు. జీవితాంతం ఎండలో తిరగలేరు, గోదావరి గట్టుకి కూడా గొడుగు లేకుండా వెళ్లకూడదు, బాగా ఆలోచించుకోండి అని రెండుసార్లు పిలిచి చెప్పారు. అది నాలాంటివాళ్ల కోసం ఉన్న వైద్యం. ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద ఏ మంచి డాక్టరూ వాడడు.

మైకేల్ జాక్సన్ డబ్బుతో తెల్లబడ్డాడని చిన్నప్పుడు అందరూ అనేవాళ్లు. ఆయనకి ఉన్నది నా జబ్బే, 2009 పోస్టుమార్టం నివేదికలో రాశారు. 2013లో జపాన్‌లో మొహం తెల్లబరిచే క్రీములు వాడిన వేలమందికి మచ్చలు మచ్చలుగా రంగు పోయింది, కంపెనీ సరుకంతా వెనక్కి తీసుకుంది. అందులో ఉన్న రోడోడెనాల్ కూడా చివరికి ఆ కణాల్నే దెబ్బతీసింది.

నేను ఆ పూత రాయించుకోలేదు. మా అమ్మ ఛాయ నాకు మోకాలి కింద అరచేయంత మిగిలింది. దాన్ని ఉంచుకుంటాను. అమ్మా, మీ చెల్లెలికి ఒంటినిండా ఉన్నది నేను ఈ రోజుకీ కోరుకునేది.

లేసు_అల్లిక
సోమవారం, రాత్రి 10:20

తెల్లమచ్చ గారూ, మీ పోస్టు చెల్లికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

డాక్టరుగారు చెప్పినట్టు పొద్దున వాకిట్లో చూశాం. చెయ్యెత్తిస్తే లోపలివైపు తేట రంగులో ఉంది. మొహం దానికంటే బాగా కమిలింది, ముంజేయి ఇంకా. వాచీ తీయించాను. బెల్టు కింద గీత గీసినట్టు లోపలి రంగే ఉంది, బకిలు ఆకారం కూడా తెలుస్తోంది. అది ఇన్నాళ్లూ మా ఎవరి కళ్లా పడలేదు. అమ్మ ఆ గీత మీద వేలు పెట్టి రుద్ది చూసింది.

ఒక అనుమానం. మెడ వెనక మాత్రం ఇంకా నల్లగా ఉంది, మసి అంటినట్టు. సున్నిపిండి పెట్టి ఎంత రుద్దినా పోదు. చంకల్లోనూ అంతే. ఇది కూడా ఎండేనా?

డాక్టరమ్మ_కాకినాడ
సోమవారం, రాత్రి 10:41

ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలా మందంగా ఉందా? నెలసరి సరిగా వస్తోందా? ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా?

లేసు_అల్లిక
సోమవారం, రాత్రి 10:50

మందంగానే ఉందండి. నెలసరి రెండు మూడు నెలలకోసారి. నాన్నకి, నాన్నమ్మకి షుగరు.

డాక్టరమ్మ_కాకినాడ
సోమవారం, రాత్రి 11:10

అయితే అది మురికీ కాదు, ఎండా కాదు. రుద్దడం ఈ రోజే ఆపండి, రుద్దితే ఇంకా నల్లబడుతుంది. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పని చెయ్యనప్పుడు మెడ, చంకలు ఇలా మందంగా నల్లబడతాయి. పరగడుపున షుగరు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష), థైరాయిడ్ చేయించండి, గైనకాలజిస్టుకి కూడా చూపించండి. కొన్ని వందల రూపాయల పరీక్షలు. ఆ 85 వేల క్లినిక్‌లో మెడ చూసి ఇది అడిగారా?

లేసు_అల్లిక
సోమవారం, రాత్రి 11:14

మెడకి ఇంకో 12 వేలు అవుతుందన్నారు.

రిటైర్డ్_మాస్టారు
మంగళవారం, ఉదయం 5:50

అమ్మాయ్, నేను పాలకొల్లులో 31 ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. ఒక ముక్క చేరుస్తాను. 2005లో జీబ్రాచేపల మీద పరిశోధన చేస్తుంటే లేతరంగు చేపలో ఒక జన్యువు తేడా కనబడింది, ఎస్‌ఎల్‌సీ24ఏ5 అని. అదే జన్యువు మనుషుల్లోనూ ఉంది. మన దేశంలో ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో కూడా ఇన్ని ఛాయలు ఎందుకున్నాయో చెప్పే కారణాల్లో అదొకటి. 2013లో ఈ సంగతి మీద వచ్చిన అధ్యయనంలో హైదరాబాదులోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్లూ ఉన్నారు. రంగుని నడిపే జన్యువులు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఒకే కడుపున పుట్టినా ఒకరు ముసల్దాని ఛాయ, ఒకరు మేనమామ ఛాయ అంటాం, అది నిజమే. కడుపుతో ఉన్నప్పుడు కుంకుమపువ్వు పాలు తాగినంతమాత్రాన ఆ జన్యువు మారదు.

మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం, మనకి గొడుగు. అతినీలలోహిత కిరణాల్ని పట్టుకుని కింద కణాల్ని కాస్తుంది. ఈ డెల్టాలో నడుం వంచి నాట్లు ఊడ్చినవాళ్ల, దింపు దింపినవాళ్ల, వలలు లాగినవాళ్ల వీపుల మీద అది లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. నలుపు నారాయణ మెచ్చు అని మా అమ్మ అనేది. ద్రౌపదికి కృష్ణ అన్న పేరే ఆ ఛాయ వల్ల వచ్చింది.

చట్టం సంగతి కూడా. మందుల గురించి అబద్ధపు ప్రకటనలు చెయ్యకుండా 1954లో ఒక చట్టం వచ్చింది. అందులో చర్మం తెల్లబరచడాన్ని కూడా చేర్చాలని 2020 ఫిబ్రవరిలో కేంద్రం ముసాయిదా పెట్టింది. అదే ఏడు ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ఫెయిర్ తీసేశారు. ఆ క్రీము వచ్చింది 1975లో. నలభై అయిదేళ్లు మా క్లాసుల్లో ఆడపిల్లలు ఆ పేరు చదువుతూ పెరిగారు.

పెళ్లిపందిరి
మంగళవారం, ఉదయం 9:30

మాస్టారూ, నారాయణుడు మెచ్చాడు సరే, సంబంధం కుదుర్చుకోవడానికి వచ్చేది నారాయణుడు కాదు కదండి. నేను గొడవకి అనట్లేదు. డాక్టరుగారు చెప్పింది నమ్ముతున్నాను. మా చిన్నదానికి నేను రాస్తున్న ట్యూబు తీసి చూశాను. మొమెటాసోన్ అని ఉంది. నాలుగు నెలల నుంచి నా చేత్తో నేనే రాస్తున్నాను. డాక్టరమ్మగారూ, మీ ఓపీ ఏ రోజులు?

డాక్టరమ్మ_కాకినాడ
మంగళవారం, మధ్యాహ్నం 1:50

నా దాకా రానక్కర్లేదమ్మా, మీకు దగ్గర్లో చర్మవైద్యుల దగ్గరికి ఈ వారమే వెళ్లండి. కాకినాడ పెద్దాసుపత్రిలో చర్మం విభాగం ఓపీ కూడా ఉంది. ట్యూబు చేత్తో పట్టుకెళ్లండి. ఎన్నాళ్లు, రోజుకి ఎన్నిసార్లు రాశారో దాచకుండా చెప్పండి. మీ తప్పు కాదు, చీటీ లేకుండా అమ్మినవాళ్ల తప్పు.

అద్దం_ముందు గారూ, పెళ్లికూతుళ్లకి మీరు చేసేదాంట్లో బ్లీచ్ ఉంటే ఆ మాట వాళ్లకి చెప్పండి. బ్లీచ్ నూగు రంగు మారుస్తుంది, చర్మం రంగు కాదు, మొటిమలున్న మొహానికి మంటపెడుతుంది.

అద్దం_ముందు
మంగళవారం, మధ్యాహ్నం 3:10

ఉంటుందండి. ఇక నుంచి చెప్తాను. షేడు తగ్గిస్తాం అన్న బోర్డు కూడా ఉంది మా గోడ మీద. అది తీసేస్తున్నాను.

లేసు_అల్లిక
శనివారం, సాయంత్రం 6:35

ఆలస్యమైంది, క్షమించండి. గురువారం నేనూ నాన్నా క్లినిక్‌కి వెళ్లాం. ఆంపూల్ చూపించమన్నాం. మా ఫార్ములా బయటికి చెప్పం అన్నారు. డాక్టరుగారి రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే డాక్టరుగారు నెలకి రెండుసార్లే వస్తారన్నారు. శాశ్వతం అని కాగితం మీద రాసివ్వమంటే రాయలేదు. అడ్వాన్సు వెనక్కి ఇవ్వరట, వేరే సర్వీసుకి వాడుకోమన్నారు. నాన్న అక్కడ ఏమీ అనలేదు. బస్సెక్కాక, "రెండు దింపుల కూలి" అన్నారు అంతే.

పరీక్షలు వచ్చాయి. హెచ్‌బీఏ1సీ 6.1. షుగరు అంచున ఉందన్నారు. గైనకాలజిస్టు స్కానింగ్ చేసి పీసీఓడీ, అంటే అండాశయాల సమస్య అన్నారు. నడక, తిండి, మందు చెప్పారు. మెడ నలుపు దానితోపాటే నెమ్మదిగా తగ్గుతుందట.

అమ్మ ఇంకా మామూలు కాలేదు. వాళ్లకి ఏం చెప్పాలి అంటోంది. పెళ్లికొడుకుతో చెల్లే మాట్లాడతానంది, ఏం మాట్లాడిందో మాకు చెప్పలేదు. మిగతాది తనే రాస్తుందట, ఫోన్ తనకిస్తున్నాను.

నేను చెల్లినండి. అందరి పోస్టులూ చదివాను. నా రంగు నాకు నచ్చేసింది అని రాయలేను, ఇంకా అంత రాలేదు. ఆవిడ అన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. కానీ సూది వద్దని చెప్పింది నేనే. వాచీ గీత చూశాక నాది ఏదో, ఎండది ఏదో తెలిసింది. డాక్టరుగారూ, మొహానికి చేతులకి ఏం రాసుకోవాలి, పొద్దున పది నుంచి నాలుగు దాకా గట్ల మీదే ఉంటాను. ఇంకొకటి, గట్టుమీద బాబాయ్‌గారిని అడగాలి. సన్‌స్క్రీన్ రాసిన చేత్తో నీళ్ల శాంపిల్ పడితే పరీక్షలో తేడా వస్తుందేమోనని భయం. మా సార్ ఊరుకోడు.

డాక్టరమ్మ_కాకినాడ
శనివారం, రాత్రి 9:05

సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా పిండినంత మొహానికీ మెడకీ. ఇంట్లోంచి బయల్దేరే ముందు ఒకసారి, చెమట పట్టే పని కాబట్టి ప్రతి రెండు గంటలకీ మళ్లీ. ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ దొరికితే మన చర్మానికి ఇంకా మంచిది, మంగు రాకుండా కూడా కాస్తుంది. అన్నిటికంటే ముందు పొడుగు చేతుల నూలు చొక్కా, వెడల్పు అంచు టోపీ. పెళ్లినాటికి ముంజేయి వాచీ గీత దగ్గరికి చాలావరకు వస్తుంది. పీల్ కావాలంటే నెలాఖరున ఒకసారి చూసి చెప్తాను, ఇప్పుడే వద్దు. షుగరు మందు మానొద్దు.

గట్టుమీద
శనివారం, రాత్రి 9:30

తల్లీ, సీసాని చేత్తో ముంచకు. నాలుగడుగుల వెదురు కర్రకి చివర తాడుతో సీసా కట్టు, గట్టు మీద నుంచే అడుగుదాకా దింపి నింపుకోవచ్చు. మూత పెట్టేటప్పుడు చేతికి నైట్రైల్ తొడుగు వేసుకో, చెరువు చెరువుకీ మార్చు. మా దగ్గరికొచ్చే ల్యాబు కుర్రాళ్లు అలాగే చేస్తారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎవరి మోటారు షెడ్డులోనైనా కూర్చో, మా గట్ల మీదికొస్తే మా షెడ్డు తాళం ఎప్పుడూ గుమ్మం పైనే ఉంటుంది.